“ఎన్ని పౌండ్లకి కట్టమంటారు?”

గోదావరి జిల్లాల పాఠకుల ఉత్తరాల్లో టెన్నిస్ బ్యాటు గట్టింగు (బ్యాటుకి దారం బిగించి కట్టడం) మీద వచ్చినవి ఈసారి ఒకచోట చేర్చాం. బిగువును షాపుల్లో పౌండ్లలోనే చెబుతారు కాబట్టి ఇక్కడా పౌండ్లే. ఒక కిలో అంటే 2.2 పౌండ్లు.

ప్రశ్న: కొత్త బ్యాటు కొన్నాను. తల 100 చదరపు అంగుళాలు, 16×19 గళ్లు (16 నిలువు గట్లు, 19 అడ్డ గట్లు). ఫ్రేము మీద 50–60 అని ఉంది. షాపాయన “ఎన్ని పౌండ్లకి కట్టమంటారు?” అనడిగితే, గట్టిగా ఉంటే నాలుగు కాలాలు మన్నుతుంది కదా అని 60 అన్నాను. ఇప్పుడు ఎంత కొట్టినా బంతి అవతలి సర్వీసు గీత దాటట్లేదు. బ్యాటులో లోపమా?
— బ్యాంకు ఉద్యోగి, భీమవరం

జవాబు: బ్యాటు బాగానే ఉంది. 60 అనడమే తప్పు. ఫ్రేము మీద వేసే అంకెలు కంపెనీ పెట్టిన హద్దులు. పై అంకె దాటి లాగితే ఫ్రేముకు పూచీ లేదని దాని అర్థం, అది మేలురకం బిగువని కాదు. గట్టిగా కడితే ఎక్కువ కాలం మన్నుతుందన్నదీ అపోహే. సాగాల్సిన గట్‌ని ముందే సాగదీసేస్తే దానిలో సాగేందుకు మిగిలేది తక్కువ.

బంతి గట్‌ని అంటుకుని ఉండేది సెకనులో 200వ వంతు. ఆ కాస్తలో ఏదో ఒకటి లొంగాలి: గట్ అయినా లోపలికి వంగాలి, బంతి అయినా చపాతీలా నొక్కుకుపోవాలి. టెన్నిస్ బంతిని 100 అంగుళాల ఎత్తు నుంచి గట్టి నేల మీదికి వదిలితే నిబంధనల ప్రకారం 53 నుంచి 58 అంగుళాలే లేవాలి. అంటే నొక్కుకుపోయిన బంతి తను తీసుకున్న బలంలో సగం దాకా మింగేస్తుంది. గట్ అలా కాదు, తీసుకున్నది దాదాపు అంతా తిరిగిచ్చేస్తుంది. మీరు 60కి బిగించారు కాబట్టి గట్ వంగడం లేదు. వంగాల్సిన భారమంతా బంతి మీద, మిగిలింది మీ మోచేతి మీద పడుతోంది.

ఇందులో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రెండు, నాలుగు పౌండ్లు తగ్గిస్తే బంతి వేగం పెరిగేది చాలా స్వల్పం. బంతి లోతుగా పడటానికి పెద్ద కారణం కోణం. వదులు గట్ మీద బంతి ఇంకొంచెం సేపు కూర్చుని, కాస్త ఎత్తుగా బయల్దేరుతుంది. బిగువు గట్ మీద నుంచి పల్చగా, వాలుగా పోతుంది. అందుకే మీ బంతులు పొట్టిగా పడుతున్నాయి.

ఇప్పుడున్న గట్ కోయించేసి, మామూలు నైలాన్ గట్ (షాపుల్లో సింథటిక్ గట్ అంటారు) 16 గేజ్, అంటే సుమారు 1.30 మిల్లీమీటర్ల మందంది, 53కి కట్టించండి. నాలుగైదు సార్లు ఆడాక చూడండి. బంతులు వరసగా వెనక గీత దాటిపోతుంటే వచ్చేసారి 2 పౌండ్లు పెంచండి. నెట్టుకి తగలడమో, మధ్యలోనే పడిపోవడమో అయితే 2 తగ్గించండి. ఒక పౌండు తేడా చాలామంది చేతికి తెలీదు, నాలుగు ఒకేసారి మారిస్తే ఆటే మారిపోతుంది. గట్ రకం, గేజ్, పౌండ్లు మూడూ ఒకేసారి మార్చకండి, ఏది పనిచేసిందో ఎప్పటికీ తేలదు. తల 98 అంగుళాలై 18×20 గళ్లుంటే రెండు పౌండ్లు తగ్గించుకోవాలి, ఎందుకంటే గళ్లు దగ్గరైనకొద్దీ అదే బిగువు ఇంకా గట్టిగా అనిపిస్తుంది. 110 అంగుళాల పెద్ద తలకైతే రెండు పెంచుకోవాలి.

కట్టించిన తేదీ, గట్ పేరు, గేజ్, పౌండ్లు చిన్న స్టిక్కరు మీద రాసి బ్యాటు మెడ లోపలివైపు అంటించండి. ఆర్నెల్ల తరవాత మీకు గానీ షాపాయనకి గానీ ఏదీ గుర్తుండదు.

ప్రశ్న: నాదల్‌ని చూసి పాలీ (పాలియెస్టర్) గట్ వేయించాను. మొదటి వారం అద్భుతంగా ఉంది. మూడో వారానికి బంతి ఎటు పోతుందో తెలీడం లేదు. గట్ మాత్రం ఒక్కటీ తెగలేదు. షాపువాళ్లు తక్కువ బిగించారంటారా?
— ఇంజినీరింగ్ విద్యార్థి, తాడేపల్లిగూడెం

జవాబు: షాపువాళ్ల తప్పు ఉండకపోవచ్చు. మీ అమ్మమ్మగారింట్లో నవారు మంచం ఉంటే గుర్తు తెచ్చుకోండి. ఎంత బలంగా లాగి కట్టినా మొదటి రాత్రికే కాస్త దిగుతుంది, వారానికి గుంట పడుతుంది, మళ్లీ బిగిస్తారు. బ్యాటుదీ ఇదే తంతు, కాకపోతే మళ్లీ బిగించే వీలు లేదు, కోసి కొత్తది కట్టడమే.

అన్ని గట్లూ కట్టిన క్షణం నుంచే దిగుతాయి, ఆడకపోయినా దిగుతాయి. బిగువు బాగా నిలిచేది పేగుతో చేసిన నేచురల్ గట్‌లో. నైలాన్ మధ్యస్థం. పాలియెస్టర్ అందరికన్నా త్వరగా దిగజారుతుంది: 50కి కట్టింది తొలి రోజులోనే పదోవంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుంటుంది. పాలీలో అసలు గొప్పతనం జారుడు. టాప్‌స్పిన్ (బంతి ముందుకు గిర్రున తిరిగేలా) కొట్టినప్పుడు నిలువు గట్లు పక్కకు జరిగి, చటుక్కున వెనక్కొచ్చి బంతిని తిప్పుతాయి. వాడినకొద్దీ నిలువులకీ అడ్డాలకీ కలిసేచోట గాడి పడి ఆ వెనక్కి రావడం ఆగిపోతుంది. తెగదు, కానీ చచ్చిపోతుంది. మీ గట్‌ని వేలితో పక్కకి జరిపి వదలండి. ఎక్కడ పెట్టారో అక్కడే ఉండిపోతే దాని ఆయుష్షు తీరినట్టే.

పాలీకి 15 నుంచి 20 గంటల ఆట లెక్క పెట్టుకోండి. తెగలేదు కదా అని ఆర్నెల్లు ఆడితే మోచెయ్యి ఊరుకోదు. 1997లో బ్రెజిల్ ఆటగాడు కుయెర్తెన్ లుక్సిలాన్ కంపెనీ పాలీతో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచాక ప్రపంచమంతా దాని వెంట పడింది. కానీ అలాంటి పెద్ద ఆటగాళ్లు ఒక మ్యాచ్‌కే నాలుగైదు బ్యాట్లు కొత్తగా కట్టించుకుంటారు. నైలాన్ గట్ నెల లోపు తెంపేస్తుంటేనే మీకు పాలీ అవసరం. రెండు నెలలు నిలుస్తుంటే అవసరం లేదు.

మనసు పాలీ మీదే ఉంటే నైలాన్‌కి చెప్పే అంకె కన్నా 4–5 పౌండ్లు తగ్గించి, 48–49 మధ్య కట్టించండి. లేదా నిలువులు పాలీ, అడ్డాలు నైలాన్ పెట్టించి, నిలువులు 48, అడ్డాలు 50 అనండి. ఖర్చూ తగ్గుతుంది, చేతికీ మెత్తగా ఉంటుంది.

ప్రశ్న: మా ఊళ్లో షటిల్ బ్యాట్లకే గట్టింగు చేస్తారు. ఆ మిషను మీద టెన్నిస్ బ్యాటు కడితే ఫ్రేము విరుగుతుందని ఒకరు, ఏమీ కాదని ఒకరు అంటున్నారండి. పైగా అది కిలోల్లో చూపిస్తుంది. రాజమండ్రి పోక తప్పదా?
— టీచరు, అమలాపురం

జవాబు: మిషను చూసి నిర్ణయించుకోవాలి. షటిల్ బ్యాటుకి లాగేది సాధారణంగా 20–28 పౌండ్లు, టెన్నిస్‌కి దానికి రెట్టింపు. కాబట్టి మొదట అడగాల్సింది “ఇది 27 కిలోల దాకా లాగుతుందా?” అని. లాగదంటే మాట అక్కడితో సరి.

లాగుతుందంటే ఫ్రేముని ఎలా పట్టుకుంటుందో చూడండి. బండారులంక మగ్గం మీద పడుగు, పేక ఉన్నట్టే ఇక్కడ మెయిన్లు (నిలువు గట్లు), క్రాసులు (అడ్డ గట్లు). మెయిన్లన్నీ ముందు కడతారు. అప్పుడు బ్యాటు కొసనీ మెడనీ అవి ఒకదానివైపు ఒకటి లాగుతాయి, తల పొట్టిగా, వెడల్పుగా ఉబ్బుతుంది. క్రాసులు వేశాకే మళ్లీ ఆకారానికి వస్తుంది. ఈ నడుమ ఫ్రేము కాయాలంటే తల కొసలోనూ మెడ దగ్గరా లోపలివైపు ఆనింపు గట్టిగా ఉండాలి. పక్కల కూడా పట్టులుంటే, అంటే మొత్తం ఆరుచోట్ల పట్టుకుంటే, ఇంకా మంచిది. మెయిన్లు కట్టి “రేపు మిగతాది చేస్తాను” అనే షాపులో బ్యాటు ఇవ్వకండి.

క్లాంపులు, అంటే లాగిన గట్ జారకుండా పట్టి ఉంచే పట్టుకార్లు, రెండో సంగతి. షటిల్ గట్ 0.70 మిల్లీమీటర్ల లోపు సన్నంది, టెన్నిస్‌ది దానికి దాదాపు రెట్టింపు మందం. క్లాంపు పట్టు మార్చకుండా పెడితే గట్ నలుగుతుంది, తెల్లగా మచ్చ పడుతుంది. వదులుగా పెడితే జారుతుంది, లాగిన బిగువు అక్కడే కరిగిపోతుంది. మొదటి రెండు మెయిన్లు కట్టాక క్లాంపు పక్కన గట్ మీద గీతలు కనబడితే జారుతోందని అర్థం.

క్రాసులు అల్లేటప్పుడు గట్‌ని ఒకేచోట సర్రున లాగితే ఆ రాపిడికి మెయిన్ కాలి గాడి పడుతుంది. తెలిసిన పనివాడు లాగుతూనే గట్‌ని పైకీ కిందకీ విసనకర్రలా ఊపుతాడు. ఆ ఒక్క పని చూస్తే చాలు, చెయ్యి తిరిగినవాడో కాదో తెలిసిపోతుంది. ముడి వేసే ఆఖరి గట్‌ని 2–3 పౌండ్లు ఎక్కువ లాగుతారు, ముడి బిగిసేటప్పుడు పోయేది అక్కడ పూడుతుంది. గట్ తెగిన బ్యాటులో పాత గట్ కోయడం మధ్యలోంచి మొదలుపెట్టి, నిలువూ అడ్డం కలిపి చుట్టూ బయటికి రావాలి. ఒక వైపే కోసేస్తే ఫ్రేము వంకరపోయే ప్రమాదం ఉంది. గట్ తెగితే ఇంట్లోనైనా అప్పటికప్పుడు ఇలా కోసేయండి, రాత్రంతా ఒకవైపు లాగుతూ ఉండనివ్వకండి.

ఇక కిలోలు: 22 అంటే 48.5 పౌండ్లు, 23 అంటే 50.7, 24 అంటే 53, 25 అంటే 55, 26 అంటే 57. ఒక షాపులో 24 బాగుందని ఇంకో షాపులో అదే చెప్పి మోసపోకండి. చేత్తో తిప్పే మిషను అంకె చేరగానే లాక్ అయిపోతుంది, ఆ తరవాత గట్ సాగితే పట్టించుకోదు. కరెంటు మిషను, బరువు వేలాడే మిషను సాగినకొద్దీ లాగుతూనే ఉంటాయి. ఒకే అంకె చెప్పినా లాక్ అయ్యే మిషను మీద 5 నుంచి 10 శాతం వదులుగా వస్తుంది. దాన్నుంచి కరెంటు మిషనుకి మారితే 3 పౌండ్లు తగ్గించి చెప్పండి.

ప్రశ్న: మా అల్లుడు అమెరికా నుంచి రెండు సెట్లు నేచురల్ గట్ పంపాడు. జులైలో ఒకటి కట్టిస్తే ఆగస్టు కల్లా నూలుపోగుల్లా లేచిపోయింది. నకిలీదంటారా?
— రిటైర్డ్ ఉద్యోగి, నరసాపురం

జవాబు: అసలుదే అయ్యుంటుంది, అసలుది కాబట్టే అలా అయింది. ఏ దారం కట్టినా మనం ‘గట్’ అంటున్నామంటే ఒకప్పుడు అన్నీ పేగుతో చేసినవే కావడం వల్ల. ఇప్పుడు ఆవు పేగు పైపొరని పోగులుగా చీల్చి, మెలిపెట్టి, ఆరబెట్టి, పైన పూత వేస్తారు. ఆ పూత కాస్త గీసుకుపోతే తేమ లోపలికి దూరుతుంది, పోగులు ఉబ్బి విడిపోతాయి. వానాకాలంలో మీ ఊరి సముద్రపు గాలికి, తడి మట్టి కోర్టు మీద ఇసుక రేణువుల గీకుడు కూడా తోడైతే నెల నిలవడమే ఎక్కువ.

రెండో సెట్టు విప్పకండి. ప్యాకెట్టుతోనే గాలి చొరని స్టీలు డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు మూడు వేసి ఉంచండి. సంక్రాంతి దాటాక కట్టించి సాయంత్రాలు ఆడండి. పొద్దున మంచులో వద్దు. సెట్టులో 12 మీటర్లు ఉంటుంది. దాన్ని సగం చేసి మెయిన్లకే గట్ పెట్టి, క్రాసులు పాలీ వేస్తే రెండుసార్లకి వస్తుంది. ఫెదరర్ ఏళ్ల తరబడి ఆడింది ఈ జోడీతోనే. గట్ 55, పాలీ 52 అనండి. చుట్ట విప్పేటప్పుడు మెలిక పడనివ్వద్దని పనివాడికి గట్టిగా చెప్పండి. మెలికపడ్డచోటే అది విరుగుతుంది.

వానాకాలానికి నైలాన్ చాలు. అది కూడా కొంచెం తేమ పీలుస్తుంది, పాలీ దాదాపు పీల్చదు. అంతకన్నా పెద్ద తేడా బంతిది. తడి మీద ఊలు నీరు పట్టి బంతి బరువెక్కుతుంది, లేవదు. డిసెంబరు, జనవరి మంచు ఉదయాల్లోనూ అంతే. అప్పుడు 2 పౌండ్లు తగ్గించండి. రోహిణి కార్తెలో వేడికి బంతి లోపలి గాలి వ్యాకోచించి ఎగిరెగిరి పడుతుంది, గట్ కూడా మెత్తబడుతుంది. అప్పుడు 2 పెంచండి. ఎండలో నిలబెట్టిన కారు డిక్కీలో మాత్రం బ్యాటు వదలకండి. ఒక్క మధ్యాహ్నంలో దిగిన బిగువు రాత్రి చల్లబడ్డాక తిరిగి రాదు.

ప్రశ్న: వయసు 52. మోచేతి బయటివైపు నొప్పి. గట్ మధ్యలో రబ్బరు డ్యాంపెనర్ పెట్టుకుంటే తగ్గుతుందన్నారు, పెట్టాను, తగ్గలేదు. పౌండ్లు తగ్గిస్తే సరిపోతుందా?
— వ్యాపారి, రాజమండ్రి

జవాబు: డ్యాంపెనర్ ‘టంగ్’ అనే చప్పుడుని ‘టప్’ చేస్తుంది, అంతే. అది ఆపేది గట్ కంపనాన్ని, చేతికి వచ్చేది ఫ్రేము దెబ్బ. ఉంచుకోండి, తీసేయండి, మోచేతికి పట్టదు.

పాలీ ఉంటే ఈరోజే తీయించండి. మల్టీ ఫిలమెంట్ అని వందల సన్నపోగులు కలిపి చేసిన నైలాన్ ఉంటుంది, 17 గేజ్‌లో దొరికితే ఇంకా మెత్తన. దాన్ని 48–50 మధ్య, ఫ్రేము మీది కింది హద్దు దాటకుండా కట్టించండి. కొద్ది రోజులు బంతి వెనక గీత దాటుతుంది, స్వింగు కుదించుకోకుండా కాస్త టాప్‌స్పిన్ పెంచితే సర్దుకుంటుంది.

తరవాత బంతులు చూడండి. క్లబ్బుల్లో ఒకే డబ్బా బంతుల్ని నెలలు తిప్పుతారు. గాలి పోయిన బంతిని అవతలికి పంపాలంటే మీరే బలంగా బాదాలి. మంచి గట్ కట్టి చచ్చిన బంతితో ఆడటం నొప్పిని కొనుక్కోవడమే. పిడి లావు కూడా కొలవండి: అరచేతి నడిమి అడ్డగీత నుంచి ఉంగరపు వేలి కొస దాకా ఎన్ని అంగుళాలుంటే పిడి చుట్టుకొలత సుమారు అంత. సన్నపు పిడిని జారకుండా పట్టుకోవడానికి ముంజేతి కండరం ఆటంతా బిగిసే ఉంటుంది. మూడు వారాల్లో తగ్గకపోతే ఆట ఆపి ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించండి. ఆలస్యం చేస్తే కాఫీ గ్లాసు ఎత్తడం కూడా కష్టమవుతుంది.

ప్రశ్న: మా బాబుకి తొమ్మిదేళ్లు. అకాడమీలో పెద్ద పిల్లల్లా 55 పౌండ్లు కట్టించమని మారాం చేస్తున్నాడు. కట్టించమంటారా?
— ఒక అమ్మ, తణుకు

జవాబు: వద్దమ్మా. ఆ వయసుకి 25 అంగుళాల బ్యాటు, దానికి సన్నపు నైలాన్, 45 చుట్టూ చాలు. ఫ్రేము మీద ఇంకా తక్కువ హద్దు రాసి ఉంటే అదే పాటించండి. పాలీ అసలు వద్దు, మణికట్టు ఎముకలు ఇంకా పెరుగుతున్నాయి. పసుపు బంతికి బదులు ఆరెంజ్ లేదా గ్రీన్ చుక్క బంతితో ఆడుతున్నాడా అని కోచ్‌ని అడగండి. ఆరెంజ్ బంతి మామూలు దానికన్నా సగం వేగంతో, గ్రీన్ పావు వంతు తక్కువ వేగంతో వస్తాయి. మారాం మానకపోతే నచ్చిన రంగు గట్ వేయించండి, పౌండ్ల గొడవ మరిచిపోతాడు.

ప్రశ్న: పాతకాలపు స్వీడన్ చాంపియన్ బోర్గ్ 80 పౌండ్లకి కట్టించుకునేవాడట, నిజమేనా?
— పాలకొల్లు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆ దాపునే కట్టించుకునేవాడు. చిన్న తల చెక్క బ్యాటు, నేచురల్ గట్. రాత్రి గదిలో ఎవరూ ముట్టకుండానే బ్యాట్ల గట్లు ఫట్‌మని తెగేవని చెప్పుకుంటారు. ఇప్పటి ఫ్రెంచ్ ఆటగాడు మన్నరినో దానికి సరిగ్గా ఎదురు, 30 పౌండ్ల లోపు కట్టించుకుని బంతిని తాకి మళ్లిస్తాడు. నాదల్ 1.35 మిల్లీమీటర్ల పాలీని 55కి కట్టించాడు. ముగ్గురి స్వింగులూ వేరు. ఎవరి అంకె చూసి షాపులో చెప్పినా మీ డబ్బే పోతుంది.

ప్రశ్న: గట్ ఎప్పుడూ తల కొసనే, ఫ్రేము అంచు దగ్గరే తెగుతోంది. మూడు నెలల్లో మూడుసార్లు. పౌండ్లు తగ్గించాలా?
— కాకినాడ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: పౌండ్లతో పని లేదు. గట్ ఎక్కడ తెగిందన్నదే రోగం చెబుతుంది. నడిమధ్యలో, గాడి పడి తెగితే అది వాడకం, ఎవరికైనా అంతే. ముడి దగ్గర తెగితే కట్టినవాడి చెయ్యి. అంచు దగ్గర తెగితే రెండే కారణాలు: బంతి బ్యాటు కొసకి తగలడం, లేదా గ్రోమెట్ పగలడం. గ్రోమెట్ అంటే గట్ దూరే ప్లాస్టిక్ గొట్టం. అది చీలితే గట్ నేరుగా ఫ్రేము రంధ్రం అంచు మీద ఒరుసుకుంటుంది, ఆ అంచు బ్లేడు లాంటిది.

గట్ కోసేశాక, కొత్తది ఎక్కించకముందు తెగినచోటి రంధ్రంలో టార్చి వేసి చూడమనండి. అగ్గిపుల్ల చివర కాస్త దూది చుట్టి రంధ్రం అంచు వెంట తిప్పితే పోగు తగులుకుంటుంది. తగులుకున్నచోట గ్రోమెట్ మార్చాలి. మీ మోడల్ స్ట్రిప్పు దొరక్కపోతే విడి గొట్టం ముక్క తొడిగినా పనవుతుంది. తల కొసన ఉండే బంపరు గార్డు అరిగి ఫ్రేము రంగు కనబడుతుంటే అదీ ఈ విడతలోనే మార్పించేయండి, గట్ బ్యాటులో ఉండగా దాన్ని మార్చడం కుదరదు.